అతుకు పోగు

ఒక చెయ్యి అతకడం అయింది, ఇంకో చెయ్యి మిగిలింది. ఒళ్ళో పరుచుకున్న తెల్లగుడ్డ మీద మీగడ రంగు పట్టు స్వెట్టరు ఒంటి చేత్తో, నిద్రలో పక్కకి ఒత్తిగిలిన మనిషిలా పడి ఉంది. సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి. ఇవ్వడమంటే చేతికిచ్చి వెళ్ళిపోవడం కాదు, ఇంటావిడ ఒంటికి తొడిగి, భుజాలు సరిచేసి, బొత్తాలు పెట్టి పంపించాలి. అందుకే రెండో చెయ్యి ఈ ఇంటికే వచ్చి అతుకుతానంది ఆమె. పట్టుతో చిక్కే అది. ఊలైతే చెప్పిన మాట వింటుంది. ఒక కుట్టు కాస్త వదులైతే పక్క కుట్లు జరిగి దాన్ని తమలో కలుపుకుంటాయి, ఒకసారి ఉతికితే అన్నీ ఒద్దికగా సర్దుకుంటాయి. పట్టు దేన్నీ కలుపుకోదు. జారుతుంది, కొక్కేనికి తగిలిస్తే తన బరువుకి తనే సాగుతుంది, ఎక్కడ చెయ్యి తడబడిందో అక్కడ వేలు పెట్టి మరీ చూపిస్తుంది. వేళ్ళ మీద ఏ కాస్త గరుకున్నా పోగు లేచిపోతుంది. బయల్దేరే ముందు పంచదారలో నూనె చుక్కలు వేసుకుని అరచేతులు, వేళ్ళు, గోళ్ళ చుట్టూ రుద్దుకుని వచ్చింది ఆమె. ఈ ఊళ్ళో పట్టు అల్లిక ఆమెకే ఎందుకిస్తారంటే, ఆమె చేతి మీదుగా వెళ్ళిన బట్ట మీద ఇన్నేళ్ళలో ఒక్క మరక లేదు. ఆ ఒక్క పేరు మీదే బతికింది. అమ్మ చేతులకి పట్టు ఎవరూ ఇచ్చి ఉండరు. చెంప నిమిరితే గీరుకునేవి ఆ చేతులు. అయినా నిమరమని వెంటపడేవాళ్ళు, తనూ చెల్లీ. "నన్ను ముందు, నన్ను ముందు" అని తోసుకుంటూ.

మేడ మీద జుట్టు ఆరబెట్టే మిషను రొద. జుట్టు సింగారించే అమ్మాయి ఇంటికే వచ్చింది. ఆ రొదలోంచి అప్పుడప్పుడూ ఇంటావిడ నవ్వు మెట్ల మీదుగా దొర్లుకుంటూ కిందికొస్తోంది. క్లబ్బులో ఇవాళ "ఆ రోజుల సాయంత్రం". యుద్ధం నాటి బట్టలు, యుద్ధం నాటి పాటలు, యుద్ధం నాటి మసక దీపాలు. హాలు కిటికీలకి నల్లగుడ్డలు కూడా కడుతున్నారట, అచ్చం అప్పట్లాగే. ఆడవాళ్ళంతా గుండ్రంగా కూర్చుని కాసేపు మేజోళ్ళు అల్లుతారట, సరదాకి. సరదాకి! అప్పుడు నల్లగుడ్డలు కట్టింది పైన తిరిగే విమానాలకి వెలుతురు కనపడకూడదని. ఆ చీకట్లో అమ్మ గోడకి ఆనుకుని మేజోడు మడమ మలుపు తిప్పేది, తడుముకుంటూ. కనపడకపోతే ఎలా అల్లుతావమ్మా అంటే, "వేళ్ళకి తెలుసే, నువ్వు పడుకో" అనేది. సూదుల టిక్కుటిక్కు వింటూ నిద్రపోయేవాళ్ళు. విమానం వచ్చినప్పుడు ఆ టిక్కుటిక్కు ఆగేది, వెళ్ళాక మళ్ళీ మొదలయ్యేది, అప్పుడు ఊపిరి పీల్చుకునేవాళ్ళు. ఇప్పుడు వీళ్ళు నల్లగుడ్డలు కడితే పైనుంచి చూసేవాడెవడు? "నువ్వూ రారాదూ అక్కా" అంది ఇంటావిడ, గుమ్మంలోనే, ఆమె చెప్పులు విప్పకముందే. "ఓ మూల కుర్చీ వేయిస్తాను. నువ్వలా అల్లుకుంటూ కూర్చుంటే ఎంత బాగుంటుందో తెలుసా, నిజంగా ఆ కాలం మనిషివి!" ఆమె నవ్వి ఊరుకుంది. నవ్వి ఊరుకోవడం కూడా ఈ పనిలో భాగమే, కొలతలు తీసుకోవడం లాగా. కానీ ఆ అక్కా అన్న మాట. మొదటి రోజు నుంచీ ఇంటావిడ ఆమెని అలాగే పిలుస్తుంది, ఆప్యాయంగానే. పిలిచిన ప్రతిసారీ వెన్నులో సూది గుచ్చినట్టవుతుంది. ఆ పిలుపు పిలవాల్సింది ఒక్కతే, ఆ ఒక్కతీ పిలవడం మానేసి ఒక జీవితమంతా గడిచిపోయింది. ఉండి ఉంటే ఇంటావిడ ఈడుదే. ఇలాగే కాస్త ఒళ్ళు చేసేదేమో. ఇలాగే జుట్టుకి రంగేసుకునేదేమో, వేసుకోవద్దే అంటే వినేది కాదు.

ఎదురుగా కుర్చీలో అది కూర్చుని ఉంది. చెక్క చట్రం, అద్దం, అద్దం వెనక తెల్లగుడ్డ మీద రెండు చేతులూ బార్లా చాపుకుని ఒక చిన్నపిల్ల స్వెట్టరు. "ఫోటోలో చూపించానే, అసలుది ఇదే. అటక మీంచి దింపించాను, వేదిక మీద పెడతాం. ఆకులు కలిశాయో లేదో పోల్చుకో" అని కుర్చీకి ఆనించి, ఇంటావిడ మెట్లెక్కి వెళ్ళిపోయింది. ఫోటోలో అంతా నలుపూ తెలుపే. చిన్నప్పటి ఇంటావిడ, బొద్దుగా, ఒంటి మీద ముదురు రంగు స్వెట్టరు, మెడ చుట్టూ ఆకుల వరస. ఆ రోజుల్లో ఆకుల వరస అల్లని వాళ్ళెవరు? అలాగే అనుకుంది. అమ్మ నేర్పినట్టే అల్లి, మెడ ముక్క వరకూ తెచ్చి చూపిస్తే ఇంటావిడ చప్పట్లు కొట్టింది. "అచ్చం అదే! ముందు ఇంకెవరెవరో అల్లి చూపించారు అక్కా, ఎవరికీ ఆకు ఇలా రాలేదు. నీకెలా వచ్చింది?" ఎలా వచ్చిందో అప్పుడు ఆలోచించలేదు. పొగుడుతుంటే ఎవరు ఆలోచిస్తారు, కడుపు నిండిపోతుంది. ఇప్పుడు ఆలోచించాల్సి వస్తోంది. ముదురు రంగంటే ఎరుపు. మెడ చుట్టూ ఆకులన్నీ ఎడమ పక్కకి వాలి ఉన్నాయి, ఒకే వైపు నుంచి గాలి కొడుతున్నట్టు. తల తిప్పుకుని పని చూసుకుందామని సూదిలోకి పట్టు దారం ఎక్కించింది. దారం ఎక్కింది గానీ చెయ్యి కదల్లేదు. కళ్ళు మళ్ళీ అక్కడికే పోయాయి.

అమ్మది ఎడమ చేతి వాటం. అల్లిక నేర్పింది పక్కింటి ముసలావిడ, ఎదురుగా కూర్చుని. అద్దంలో చూసి నేర్చుకున్నట్టు నేర్చుకుంది అమ్మ, ఆవిడ కుడి ఈవిడకి ఎడమ. మిగతావన్నీ ఎలాగో కుదిరాయి. ఆకు దగ్గర మాత్రం, రెండు కుట్లు కలిపి ఒకటి చేసేటప్పుడు పైకి రావాల్సిన కుట్టు అడుగుకి పోయేది, అడుగున ఉండాల్సింది పైకెక్కేది, ఆకు వాలిపోయేది. విప్పి మళ్ళీ అల్లినా అంతే. "నా ఆకులకి గాలి ఎక్కువే తల్లీ" అని నవ్వేది. అమ్మ నవ్వితే పైపెదవి కాస్త లేచి పన్ను మీద పన్ను కనపడేది. తనది కుడి చెయ్యే, కానీ అమ్మ ఒళ్ళో కూర్చుని, అమ్మ వేళ్ళ మీద వేళ్ళు పెట్టి నేర్చుకుంది, వాలిన ఆకే నేర్చుకుంది. పెద్దయ్యాక సరైన పద్ధతి తెలియక కాదు. తెలుసు. వేళ్ళు ఒప్పుకోవు. ఇద్దరే అలా అల్లేవాళ్ళు ఈ లోకంలో, ఒకరు పోయారు. మరి ఆ కుర్చీలో కూర్చున్న ఎరుపు ఎవరిది?

యుద్ధం రోజుల్లో స్కూలు హాల్లో బెంచీలు గోడకి జరిపేసి, సిపాయిలకి మేజోళ్ళు అల్లడానికి ఆడవాళ్ళందర్నీ కూర్చోబెట్టేవాళ్ళు. పిల్లలు కింద, ఊలు ఉండలు చుట్టడానికి. బూడిద రంగు ఊలు, ఎటు చూసినా బూడిద రంగే, ముక్కులో దాని వాసన, గొర్రె తడిసిన వాసన, అన్నం తిన్నా అదే వాసన. నాన్న సరిహద్దులో ఉన్నాడు. అమ్మ అల్లే ప్రతి మేజోడూ నాన్న కాలి కోసమే. ఎవరి కాలికి పోతుందో తెలియదుగదా అంటే, "అందరూ అల్లితే అందరికీ అందుతాయి, ఆయనకీ ఏదో ఒక జత అందుతుంది" అనేది. కమిటీ పెద్ద బొచ్చు కాలరావిడ. అసలు పేరేమిటో పిల్లలకి తెలియదు, కోటు మెడకి నక్క తోకలాంటి బొచ్చు ఉండేది కాబట్టి బొచ్చు కాలరావిడ. వరసల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి భుజం తట్టేది. అమ్మ భుజం తట్టినప్పుడు, "నీ ఆకులు వంకరమ్మాయ్, మేజోళ్ళకి ఆకులక్కర్లేదు కాబట్టి బతికిపోయావు" అంది, హాలంతా నవ్వింది, అమ్మా నవ్వింది. తనకి మాత్రం ఒళ్ళు మండింది. ఊలు ఉండ కింద పడేసింది, కావాలనే. అది ఎంత దూరం దొర్లిందో. చెల్లి దాని వెంట పాక్కుంటూ వెళ్ళి తెచ్చింది, బెంచీల కిందనుంచి, దుమ్ము కొట్టుకుని, గెలిచినట్టు మొహం పెట్టుకుని.

చెల్లి స్వెట్టరు ఎరుపు. ఏ అద్దకం వేశారో గానీ రంగు పోయేది. ఉతికినప్పుడల్లా అమ్మ చేతులు మోచేతుల దాకా ఎర్రబడేవి, బకెట్టు నీళ్ళు చూసి పక్కింటావిడ "ఏం కోశావే?" అని అరిచింది ఒకసారి. చెల్లికి ముంజేతి అంచు నోట్లో పెట్టుకుని చప్పరించే అలవాటు. పెదవులు ఎర్రగా, గడ్డం ఎర్రగా, దొంగతనంగా ఏదో తిన్నట్టు. "తియ్యగా ఉంటుందా?" అంటే, "ఊఁ, నీకివ్వను" అనేది. నాకివ్వలేదే చెల్లీ, ఎవరికిచ్చావు? ఆ ఏడు ఊలు అయిపోయింది. దుకాణాల్లో లేదు, మిల్లులో లేదు. అప్పుడు బొచ్చు కాలరావిడ బుట్టలు పట్టించుకుని ఇల్లిల్లూ తిరిగింది. పాతవి ఇవ్వండి, విప్పి ఇవ్వండి. అమ్మ తన శాలువా ఇచ్చింది. నాన్న మఫ్లరు ఇచ్చింది. పెద్దపిల్లైన తన స్వెట్టరు చిల్లులు పడిందని అక్కర్లేదన్నారు. ఆవిడ చూపు చెల్లి మీద పడింది. "ఎరుపు కదమ్మా" అంది అమ్మ. "సిపాయిలకి ఎరుపు వేస్తారా?" "నల్లరంగు అద్దిస్తాంలేమ్మా. నీ పిల్ల ఇంట్లోనే ఉంటుంది, పొయ్యి ఉంది, గోడలున్నాయి. అక్కడ మంచులో పడున్న వాళ్ళకి పొయ్యి ఎక్కడిది? మీ ఆయన కూడా అక్కడే ఉన్నాడుగా, నేను చెప్పాలా?" చెప్పక్కర్లేదు. అమ్మ అడుగు అంచు కత్తిరించి కొస పట్టుకుంది. విప్పుతుంటే చిర్రుమని చప్పుడు. ఉండ చుట్టింది చెల్లే. దానికది ఆట. స్వెట్టరు పొట్టిదవుతోంటే కిలకిల నవ్వింది, నడుం పోయింది, పొట్ట పోయింది, భుజాలు పోయాయి. "అయిపోయిందా అమ్మా? ఇప్పుడు మళ్ళీ అల్లుతావా?" అంది, తన తలంత ఉండని రెండు చేతుల్తో పట్టుకుని. అమ్మ దాన్ని తీసుకుని బుట్టలో పెట్టింది. ఆవిడ చెల్లి బుగ్గ గిల్లి, "దేశభక్తురాలివే!" అంది.

ఆ చలికాలం గురించి తలుచుకోకూడదనుకుంటుంది. తలుచుకోకుండా వెళ్ళిపోయిన చలికాలం ఒక్కటీ లేదు. పొయ్యి ఉంది, నిజమే, పొయ్యిలోకి బొగ్గు లేదు. చెల్లికి గోనెగుడ్డ చొక్కా, దాని కింద కాగితాలు. నడిస్తే గరగరమనేది, దానికీ నవ్వేది మొదట్లో. తర్వాత దగ్గు. దగ్గు తర్వాత గొంతులో పిల్లికూన ఉన్నట్టు ఒక చప్పుడు. అమ్మ అల్లిక ఆపి రాత్రంతా ఎత్తుకుని తిరిగేది. చివర్లో ఒకనాడు చెల్లి ముంజెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుని, అంచు కోసం పెదవులతో వెతుక్కుంది. అక్కడ అంచు లేదు. అంతే. ఇంకేం లేదు. పెదవులు మటుకు ఎర్రగా లేవు.

మేడ మీద మిషను ఆగింది. ఆగినా ఆమె చెవుల్లో ఇంకా ఏదో రొద అవుతూనే ఉంది. ఎరుపు మళ్ళీ ఎప్పుడు చూసింది? హాల్లోనే. పోయిన పిల్ల పోయింది, మేజోళ్ళు ఆగకూడదు, అమ్మ మళ్ళీ వెళ్ళింది, తనూ వెళ్ళింది, ఇంట్లో ఒక్కతే ఎలా ఉంటుంది. బొచ్చు కాలరావిడ వచ్చి ఎర్ర ఉండ ఒకటి అమ్మ ఒళ్ళో పెట్టింది. "శరణాలయంలో ఒక పిల్ల ఉంది, ఎవరూ లేరు పాపం, చలికి కొంకర్లు పోతోంది. దీన్ని అద్దిద్దామంటే కుదర్లేదు. నీ చేత్తో చిన్న స్వెట్టరు అల్లిపెట్టు, తొందరగా." అమ్మ ఆ ఉండని ఒళ్ళోనే వేళ్ళతో తిప్పి చూసింది. "అమ్మా, ఇది చెల్లిదే కదా" అంది తను. "నోర్ముయ్" అంది అమ్మ, పెదవులు కదలకుండా. విప్పిన ఊలు ఉతికి, బరువు కట్టి వేలాడదీస్తే తప్ప వంకర పోదు, పాత కుట్ల ముడతలు మర్చిపోదు. అంతసేపు ఎవరు ఆగనిచ్చారు? ముడతల ఊలుతోనే అల్లింది, అల్లినంత మేరా పొంగులు పొంగులుగా వచ్చింది, ఉడుకుతున్న నీళ్ళలా. మెడ దగ్గర ఆకులు వేసింది. చెల్లి స్వెట్టరుకి లేవు ఆకులు. "ఎందుకమ్మా?" అంటే, "ఉత్త స్వెట్టరైతే దిక్కులేని పిల్లని చూడగానే తెలిసిపోతుందే. ఆకులుంటే ఎవరో ఒకరు మనసుపెట్టి అల్లారనుకుంటారు" అంది. ఆ తర్వాత అమ్మ సూదులు ముట్టలేదు. యుద్ధం అయ్యాక నాన్న వచ్చాడు, కాళ్ళకి గుడారం గుడ్డ పీలికలు చుట్టుకుని, కొన్ని వేళ్ళు అక్కడే వదిలేసి. "మేజోళ్ళా? ఎవరల్లారు, ఎవరికిచ్చారు?" అని పడీపడీ నవ్వాడు. అమ్మ నవ్వలేదు. అమ్మకి ఆ ఒక్కటే మిగిలింది. ఎక్కడో ఒక పిల్ల వెచ్చగా ఉంది. ముసలితనంలో మంచాన పడ్డాక కూడా, చలిగాలి వీస్తే చాలు, కిటికీ కేసి చూస్తూ అదే మాట. "ఆ పిల్ల పెద్దదై ఉంటుందే. ఆ ఏడు మటుకు వెచ్చగా ఉండే ఉంటుంది." ఉంటుందమ్మా, అనేది తను, దుప్పటి గడ్డం దాకా లాగుతూ. ఉందమ్మా. నిజంగానే వెచ్చగా ఉంది. బొచ్చు కాలరావిడ ఇంట్లో బొగ్గుల గది కూడా ఉండేది.

ఆమె లేచింది. స్వెట్టరు పక్కన పెట్టి, మోకాళ్ళ మీద చెయ్యి వేసుకుని లేచి, కుర్చీ ముందు వంగి నిలబడింది. అద్దంలో ముందు తన మొహమే కనపడింది, ఆ మొహం లోపల నుంచి ఎరుపు. పొంగులు అలాగే ఉన్నాయి. చట్రంలోకి ఎప్పుడో చెమ్మ దూరినట్టుంది, ముంజేతుల చుట్టూ తెల్లగుడ్డకి గులాబిరంగు దిగింది. అద్దం మీద వేలు పెట్టింది, ముంజేతి అంచు ఉన్న చోట. చల్లగా ఉంది. ఇది కావాలి. ఇంత గట్టిగా ఏదన్నా కావాలనుకుని ఎన్నేళ్ళయింది? ఎక్కడ పెట్టుకుంటుందో, ఏం చేసుకుంటుందో తెలియదు. అమ్మ ఫోటో పక్కన పెడుతుందా? పెట్టి ఏం చెబుతుంది? ముందు ఈ అద్దం లోంచి తియ్యాలి. అడుగుదాం. అడిగితే పోయేదేముంది. ఒక్క మాట నిజం చెబితే చాలు, ఎవరో అల్లారట, ఎవరో తెలియదు అన్నా చాలు, అడగడం కూడా మానేస్తాను. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే గబగబా వెనక్కొచ్చి కూర్చుంది, ఏదో దొంగిలించినట్టు.

"అయిందా అక్కా? అయ్యో రామ, ఇంకా ఒంటి చెయ్యే! నన్నిలాగే పంపిస్తావా ఏం, యుద్ధంలో చెయ్యి పోయిన సిపాయిలా?" ఇంటావిడ తన మాటకి తనే నవ్వింది. జుట్టంతా పాతకాలపు మెలికలు, మెడ చుట్టూ తువ్వాలు.

"ఒక్కసారి తొడుక్కోండమ్మా. గుండుసూదులు పెట్టి కొలత చూసుకుంటాను."

చేతులు ఎత్తింది ఇంటావిడ, పిల్లలా కళ్ళు మూసుకుని. పట్టు జారి సరిగ్గా కూర్చుంది. "అబ్బ, చల్లగా ఎంత హాయిగా ఉందో. లేకపోతే ఇవాళ చచ్చేవాళ్ళం. కిటికీలన్నీ మూసేశారు కదా, హాలు కుంపటే. పైగా డాన్సుట, ఈ వయసులో! చెమటలు కారిపోతాయి."

"చెమట పట్టుకి మంచిది కాదమ్మా."

"ఒక్క సాయంత్రానికేగా. రేపు దీన్నీ అద్దంలో పెట్టిస్తా, దాని పక్కనే. తల్లీ కూతుళ్ళలా."

పంటి కింద పట్టుకున్న గుండుసూది తీసి చంక కింద గుచ్చింది ఆమె. "అది ఎవరల్లారమ్మా?"

"ఇంకెవరు, మా అమ్మే. కమిటీ పనుల్తో ఊపిరాడేది కాదు పాపం, అయినా రాత్రుళ్ళు మేలుకుని నాకోసం అల్లింది. ఊలు దొరికే రోజులా అవి? తన శాలువా విప్పేసిందట. వేదిక మీద అదే చెప్పబోతున్నా. చెబుతుంటే నాకే ఏడుపొస్తుంది చూడు." నిజంగానే కళ్ళు తడి అయ్యాయి. తువ్వాలు కొసతో అద్దుకుంది, కాటుక చెరక్కుండా.

"మీ అమ్మగారిది ఎడమ చేతి వాటమా?"

"ఛఛ, కాదే. ఎందుకడిగావు?"

"ఊరికే."

శాలువా కూడా మాదే, అనుకుంది ఆమె. విప్పిన శాలువా మా అమ్మది. అబద్ధంలోకి అది కూడా పట్టుకుపోయారు, ఊరికే పడుందని. కానీ ఈవిడ అబద్ధం చెప్పడం లేదు. ఆ కళ్ళలో నీళ్ళు అబద్ధం కాదు. ఎవరో చెప్పిన అబద్ధాన్ని తొడుక్కుని, అందులో వెచ్చగా పెరిగి పెద్దదైంది, అంతే. దానికి ఈవిడ మీద కోపమెందుకు? ఎందుకో తెలియదు, ఉంది. చెల్లి ఏడ్వాల్సిన ఏడుపు కూడా ఈవిడే ఏడుస్తున్నందుకు ఉంది.

"అమ్మా, ఒకటడగనా? ఈ పనికి నాకేమీ ఇవ్వద్దు. అది ఇచ్చెయ్యండి."

"ఏది?" ఆమె చూపు వెంట తిరిగి, ఇంటావిడ పకపకా నవ్వింది. "భలేదానివక్కా! నీకెందుకది, పిల్లలా మునిమనవలా? అయినా తల్లి గుర్తు ఎవరన్నా ఇచ్చేస్తారా చెప్పు? నువ్వే అయితే ఇస్తావా?"

"ఇవ్వనమ్మా" అంది ఆమె.

"మరి!" భుజం మీద తట్టింది ఇంటావిడ. అదే తట్టడం, రెండు వేళ్ళతో, బట్ట నాణ్యం చూస్తున్నట్టు. "తొందరగా కానీ. గొలుసు పెట్టుకుని వచ్చేస్తా." స్వెట్టరు ఆమె చేతిలో పెట్టి మళ్ళీ మెట్లెక్కింది.

సూదిలో పట్టు దారం ఎక్కించి ఉంది. భుజం మీద నుంచి మొదలుపెట్టింది. ఒక కుట్టు ఇటు, ఒక కుట్టు అటు, బిగువు లాగకుండా, వదులు వదలకుండా. చేతులు వాటి పాటికి అవి పోతున్నాయి, మంచి చేతులు, పేరున్న చేతులు. ముందు వైపు అయింది, వెనక వైపు అయింది. చంక కింద జానెడు మిగిలింది. దారం తెంపింది. డబ్బా మూత తీసింది. అమ్మ సూదుల డబ్బా, ఎక్కడికి పనికెళ్ళినా వెంట ఉంటుంది. అమ్మ ఏది అల్లినా ఒక బారెడు పోగు మిగిల్చి బొత్తానికి చుట్టి అందులో పడేసేది. అతుకు పోగు అనేది దాన్ని. మోచెయ్యి చిరిగితే, అంచు ఊడితే, అదే ఊలు మళ్ళీ దొరకద్దూ? బట్ట ఎవరింటికి పోయినా అతుకు పోగు అల్లినామె దగ్గరే ఉండాలి. అది అమ్మ పద్ధతి. ఇచ్చెయ్యమన్నప్పుడు అమ్మ అన్నీ ఇచ్చింది, ఇది డబ్బాలో ఉండిపోయింది, మర్చిపోయిందో, మర్చిపోయినట్టు ఊరుకుందో. బూడిద రంగుల అడుగున, ఎముక బొత్తానికి చుట్టి, ఎర్రగా. ఎన్నిసార్లు చూసింది, ఎన్నిసార్లు మూత పెట్టేసింది. కొస పట్టుకుని లాగి చూసింది. తెగలేదు. పురుగు పట్టలేదు. వంకర లేదు, దీన్ని ఎవరూ విప్పలేదు కదా. ఇది చెల్లి ఒంటి మీదకి రావాల్సిన పోగు, ఏ మోచెయ్యో చిరిగినప్పుడు.

కొస నోట్లో పెట్టుకుని తడిపింది, సూదిలోకి ఎక్కించడానికి. తియ్యగా లేదు. తుప్పు పట్టిన ఇనుములా ఉంది రుచి. అబద్ధాలకోరువే చెల్లీ, అనుకుంది. కొస నోట్లోంచి తీస్తే బొటనవేలు ఎర్రబడింది. ఇన్నేళ్ళయినా రంగు దిగుతోంది. ఆ వేలు చూస్తూ ఒక్క క్షణం ఆగింది. ఆమె చేతి మీదుగా వెళ్ళిన బట్ట మీద ఇన్నేళ్ళలో ఒక్క మరక లేదు. రేపట్నించి ఈ ఊళ్ళో ఆమెకి పట్టు ఎవరూ ఇవ్వరు. ఇవ్వకపోతే పోనీ. వేలు కొంగుకి శుభ్రంగా తుడుచుకుంది, ఇప్పుడే మరక పడితే పని చెడుతుంది. చంక కింద, లోపలి వైపు, జానెడు మేర, అమ్మ అతికేటంత శ్రద్ధగా అతికింది. పైకి రవ్వంత కూడా కనపడదు. చివర ముడి వేసి, పళ్ళతో కొరికి తెంపింది.

ఇంటావిడ మెడలో గొలుసుతో దిగి వచ్చింది. బయట కారు హారను కొడుతోంది. ఎవరో వచ్చి చట్రం ఎత్తుకుపోయారు, ఎరుపు గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఆమె తల ఎత్తలేదు.

"చేతులు ఎత్తండమ్మా."

ఎత్తింది. తొడిగింది. భుజాలు సరిచేసింది, మెడ దగ్గర ఆకులు నిమిరింది, బొత్తాలు ఒక్కొక్కటే పెట్టింది. చెల్లికి పెట్టేటప్పుడు ఆఖరి బొత్తాం దగ్గర కదిలిపోయేది, ఎప్పుడూ. ఈవిడ కదల్లేదు.

"నీ పెదవి మీద ఏంటక్కా, ఎర్రగా?"

"పోగు తడిపానమ్మా." ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. ఎక్కడా వంక లేదు. "వెచ్చగా ఉందా?"

"పట్టు వెచ్చగా ఎందుకుంటుంది, చక్కగా చల్లగా..." ఇంటావిడ చెయ్యి కాస్త పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. "ఇదిగో, ఇక్కడ చంక కిందే కొంచెం వెచ్చగా తగుల్తోంది."

"తగులుతుందమ్మా" అంది ఆమె, పెదవి తుడుచుకోకుండా.